రెండొందల గీత

మొన్న ఒక ఊళ్ళో వాడ మీటింగు అయిపోయింది. భూమి గురించి, రావలసిన ఉపాధి కూలి పైసల గురించి గంటన్నర మాట్లాడిన జనం ఇక లేవబోతున్నారు. అప్పుడు నేను కరెంటు బిల్లుల సంగతి ఎత్తాను. ఎవరింట్లో ఏ బుగ్గ వాడుతున్నారు, ఫ్యాను ఎన్నేండ్లది, ఇంటి కప్పు రేకులా స్లాబా అని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను. వెనక నుంచి ఒక తమ్ముడు నవ్వాడు. "ఏందన్నా, మనం ఉద్యమం నడుపుతున్నమా, కరెంటు సామాన్ల దుకాణం పెట్టినమా?"

ఆ తమ్ముడు నవ్వడంలో తప్పు లేదు. కరెంటు పొదుపు అనే మాట మనదాకా ఎప్పుడూ పైనుంచే వచ్చింది. నాలుగు ఏసీలు నడిపే ఇంటాయన టీవీలో కూర్చొని, దేశం కోసం ఒక లైటు ఆర్పండి అంటాడు. మనింట్లో ఉన్నదే రెండు బుగ్గలు. అందులో ఏది ఆర్పాలె? అందుకే ఆ మాట వింటే మనకు ఒళ్ళు మండుతుంది. కాని నేను చెప్పేది దేశం కోసం కాదు. కరెంటు కంపెనీ కోసం అంతకన్నా కాదు. మన ఇంట్లోంచి నెలనెలా బయటికి పోయే పైసల సంగతి చెబుతున్నాను.

ఇంకో సంగతి. కరెంటు మన ఉద్యమానికి పరాయి విషయం అనుకునేవాళ్ళు అంబేద్కర్‌ను సగమే చదివారని నా అనుమానం. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. కరెంటు వ్యవహారం కూడా ఆయన చేతికిందే ఉండేది. 1943 అక్టోబరులో కరెంటు మీద విధాన కమిటీ సమావేశానికి ఆయనే అధ్యక్షుడు. కరెంటు ప్రభుత్వం చేతుల్లో ఉండాలా, ప్రైవేటు చేతుల్లో ఉండాలా అన్న ప్రశ్నను అప్పుడే ముందు పెట్టాడు. కరెంటు చవకగా, పుష్కలంగా దొరకకపోతే పరిశ్రమలు రావని, పరిశ్రమలు రాకపోతే ఈ దేశపు పేదరికం పోదని వాదించాడు. అంత పెద్దాయనకు కరెంటు రేటు చిన్న విషయం అనిపించలేదు. మనకెందుకు అనిపించాలె?

ఇప్పుడు మా చిన్నమ్మ ఇంటి ముచ్చట చెబుతాను. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్ళకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తున్నది. చిన్నమ్మకూ వచ్చింది. నెలనెలా సున్నా కాగితం చూసి సంబరపడి, దాన్ని దేవుడి పటం వెనక దాచేది. ఎండాకాలం వచ్చింది. మే నెల బిల్లు చేతికొచ్చేసరికి వెయ్యి దాటింది. "కొడుకా, ఈ మిషను పాడైందా, నేనేమన్న తప్పు చేసిన్నా?" అని కాగితం పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

మిషను పాడవలేదు. బిల్లు మీద 203 యూనిట్లు ఉంది. అంతే. 200 దాటితే, దాటిన మూడు యూనిట్లకే బిల్లు వేస్తారని చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు. ఒక్క యూనిట్ దాటినా మొత్తం బిల్లు మనమే కట్టాలె. అదీ ఏ రేటున? 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన టారిఫ్ ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు. చిన్నమ్మ ఇంటికి 200 యూనిట్లకు 1,020 రూపాయలు, మిగతా మూడింటికి 23 రూపాయల 10 పైసలు. వెరసి 1,043 రూపాయల 10 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ దీనికి అదనం. 200 దగ్గర మీటరు ఆగి ఉంటే సున్నా. మూడు యూనిట్ల కోసం మూడు నాలుగు రోజుల కూలి పోయింది.

నేను కాగితం కలం తీసుకొని ఆ ఇంట్లో తిరిగాను. ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు అని రాసుకున్నాను. లెక్క కష్టం కాదు. వాట్లను గంటలతో, నెలకు ముప్పై రోజులతో గుణించి వెయ్యితో భాగిస్తే నెల యూనిట్లు వస్తాయి. ఎనిమిదో తరగతి పిల్ల చేస్తుంది. మీ ఇంట్లో ఆ పిల్లతోనే చేయించండి.

రెండు పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, ఎండాకాలం రోజుకు 15 గంటలు. రెండూ కలిసి నెలకు 67 యూనిట్ల పైన. పట్నంలో ఎవరో అమ్మేస్తే కొన్న పాత ఫ్రిజ్, సుమారు 36. కూలరు 180 వాట్లు, రాత్రి పది గంటలు, 54. చోకు ఉన్న పాత ట్యూబులైట్లు రెండు, చోకు తినేదాంతో కలిపి ఒక్కోటి 52 వాట్లు, రోజుకు అయిదు గంటలు, 15 యూనిట్ల పైన. టీవీ 9. మిక్సీ, ఫోన్ల చార్జింగ్ కలిపి 3. ఇంటి ముందర వాకిట్లో 60 వాట్ల పాత బుగ్గ ఒకటి, పొద్దుగూకితే వేసి తెల్లారాక ఆర్పుతారు. పది గంటలు. నెలకు 18 యూనిట్లు!

ఆ వాకిలి బుగ్గే దొంగ. టీవీ కన్నా రెట్టింపు తింటున్నది. దాని స్థానంలో 9 వాట్ల ఎల్ఈడీ బుగ్గ పెడితే అంతే వెలుతురు ఉంటుంది, నెలకు మూడు యూనిట్లు కూడా కాదు. పదిహేను యూనిట్లు మిగిలేవి. 203 కాస్తా 188 అయ్యేది. అంటే వంద రూపాయల లోపు బుగ్గ ఒకటి ఏప్రిల్లో మార్చి ఉంటే మే నెలలో వెయ్యి రూపాయలు ఇంట్లోనే ఉండేవి. చిన్నమ్మ ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. "పాత బుగ్గ ఇరవై రూపాయలకే వస్తదని కొన్న బిడ్డా" అన్నది తర్వాత.

ఎల్ఈడీ బుగ్గ ఖరీదు అన్న భయం పాతది. అప్పుడది నిజమే. 2014 మొదట్లో ప్రభుత్వం టోకున కొన్న ధరే బుగ్గకు 310 రూపాయలు. ఉజాలా పథకం 2015 జనవరిలో మొదలై కోట్ల లెక్కన కొనుగోళ్ళు జరిగాక, 2016కల్లా టోకు ధర 38 రూపాయలకు దిగింది. ప్రభుత్వం తలుచుకొని పెద్ద ఎత్తున కొంటే ధర ఎట్లా కూలుతుందో చూడండి. బుగ్గకు కుదిరింది ఫ్యానుకు ఎందుకు కుదరదని అడిగే హక్కు మనకుంది.

ఫ్యాను దగ్గరికి వస్తే కాస్త జాగ్రత్తగా మాట్లాడాలె. ఎందుకంటే ఇక్కడే దుకాణపోడూ అప్పులోడూ కలిసి మనల్ని ముంచుతారు. బీఎల్‌డీసీ అని కొత్త రకం ఫ్యాను వచ్చింది. 30 వాట్లతోనే పాత ఫ్యాను ఇచ్చే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యానుకు ఇరవై యూనిట్లు మిగులు. ధర 2,500 నుంచి 3,000 దాకా. మామూలుది 1,500కు వస్తుంది. మరి కొనాలా వద్దా?

మీ ఇంటి వాడకం ఎండాకాలంలో కూడా 120, 130 దాటకుండా జీరో బిల్లు వస్తుంటే కొనొద్దు. ఇరవై యూనిట్లు మిగిలినా మీ జేబులోకి పైసా రాదు. పాత ఫ్యాను తిరుగుతున్నన్ని రోజులు తిరగనీయండి. అది కాలిపోయి కొత్తది కొనక తప్పని రోజున మటుకు ఆ వెయ్యో పన్నెండొందలో ఎక్కువ పెట్టి బీఎల్‌డీసీ తీసుకోండి.

మీ ఇల్లు 190, 200, 220 మధ్య ఊగుతుంటే కొనండి. మీకు రెండొందల గీతే బతుకు గీత.

గృహజ్యోతి అందని ఇంటికి లెక్క వేరు. కార్డు లేక, దరఖాస్తులో ఏదో తప్పుపడి బిల్లు కడుతున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వందకు పైన, రెండు వందల లోపు వాడే ఇంటికి మొదటి వందకు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి వందకు 4 రూపాయల 80 పైసలు. ఆ ఇంట్లో ఒక ఫ్యాను మారితే నెలకు 96 రూపాయల దాకా మిగులుతాయి. మంచిదే. కాని ఆ ఫ్యానుకు 2,700 అప్పు తెచ్చి మూడు రూపాయల మిత్తి కట్టారనుకోండి, మిత్తే నెలకు 81 రూపాయలు. మిగిలిందంతా అప్పులోడి ఇంట్లో తిరిగే ఫ్యానుకు పోయింది. పొదుపు సంఘంలో రూపాయి మిత్తికి దొరికితే నెలకు 27. అప్పుడు గిట్టుబాటు. కాబట్టి ముందు బుగ్గలు మార్చండి. దాంట్లో మిగిలిన పైసలతో చోకు ట్యూబులైట్లు తీసి 20 వాట్ల ఎల్ఈడీ పట్టీలు పెట్టండి. ఆ రెండింట్లో మిగిలింది కూడబెట్టి ఫ్యాను దాకా రండి. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు నక్షత్రాల గుర్తు తప్పనిసరి చేశారు. అట్ట పెట్టె మీద వాట్లు ఎన్ని అని చూసి కొనండి, దుకాణపోడి మాట పట్టుకొని కాదు. వారంటీ కాగితం పారేయొద్దు. ఈ ఫ్యాన్లలో సర్క్యూటు పోతే మన ఊరి మెకానిక్ చుట్టలేడు.

వంద దగ్గర కూడా ఒక గీత ఉంది. వంద లోపు వాడితే మొదటి యాభైకి 1 రూపాయి 95 పైసలు, తర్వాతి యాభైకి 3 రూపాయల 10 పైసలు. వంద యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు. 101 అయితే 344 రూపాయల 80 పైసలు. ఒక్క యూనిట్ ఖరీదు 92 రూపాయలు! ఇట్లాంటి మెట్లు కట్టినవాడు మనింట్లో ఎన్నడూ బిల్లు కట్టి ఉండడు.

మెట్టు దాటడంలో ఎప్పుడూ మన తప్పే ఉండదు. బిల్లు మీద పాత రీడింగు తేదీ, కొత్త రీడింగు తేదీ రెండూ ఉంటాయి. చూసుకోండి. నెలకు 190 వాడే ఇంటికి 35 రోజులకు రీడింగు తీస్తే 221 కనబడుతుంది. ఎక్కువ రోజుల వాడకాన్ని ఒకే నెల లెక్కలో వేశారేమో అడగండి. నోటితో కాదు, కాగితం మీద.

ఇంతకన్నా పెద్ద సంగతి ఉమ్మడి మీటరు. మన వాడల్లో ఒక మీటరు మీద ఇద్దరు ముగ్గురు కొడుకుల కాపురాలు నడుస్తున్నాయి. తండ్రికి వచ్చిన జాగాలోనే పెద్దోడు ముందర, చిన్నోడు వెనక రేకులు వేసుకున్నారు. పొయ్యిలు వేరు, రేషన్ కార్డులు వేరు, మీటరు ఒకటే. ముగ్గురి వాడకం కలిస్తే 200 దాటక ఏం చేస్తుంది? ఊళ్ళో నాలుగు గదుల ఇంట్లో ఇద్దరే ఉండే ముసలి దంపతులకు జీరో బిల్లు, వాడలో పన్నెండు మంది పడుకునే ఇంటికి రెండు వేల బిల్లు. చట్టంలో కులం పేరు ఎక్కడా లేదు. కాని జాగా లేనోడికే దెబ్బ తగిలింది. వేరు పడిన కాపురానికి వేరే మీటరు పెట్టించడం సంఘం పిల్లలు ముందు చేయాల్సిన పని. డిపాజిట్ కట్టాల్సి ఉంటుంది, కాగితాలు అడుగుతారు, తిప్పుతారు. తిరగాలె. 2025లో కొత్త రేషన్ కార్డులు వచ్చిన ఇళ్ళవాళ్ళు కూడా కార్డు వచ్చింది గదా అని ఊరుకోవద్దు. బిల్లు మీద ఉన్న యూఎస్‌సీ నంబరు, ఆధార్, కార్డు పట్టుకొని మండల పరిషత్ ఆఫీసులో గృహజ్యోతికి పేరు ఎక్కించుకోండి.

ఆంధ్ర వైపు మిత్రులకు ఒక మాట. మీ దగ్గర ఎస్సీ కాలనీల్లో, తండాల్లో ఉచిత కరెంటు 2019లో 200 యూనిట్ల దాకా పెంచారు. అక్కడ కూడా కాపురాలు పెరిగిన కొద్దీ మీటర్లు పెరగలేదు. ఈ లెక్కలు మీ రేట్లతో మీరు వేసుకోండి.

ఇక కప్పు సంగతి. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం.

వెనకట మన గుడిసెలకు తాటాకు, గడ్డి కప్పు. అగ్గి భయం ఉండేది, వానకు కారేది, కాని ఎండాకాలం చల్లగా ఉండేది. పక్కా ఇల్లు అన్నారు, సిమెంటు రేకులు వచ్చాయి, కొందరికి స్లాబు వచ్చింది. స్లాబు పగలంతా ఎండను తాగి రాత్రంతా మన మీద కక్కుతుంది. రేకుల ఇల్లు మధ్యాహ్నం పొయ్యి మీద పెంకే. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. పగలు చేన్లో, ఉపాధి పనిలో ఎండదెబ్బ తిన్న ఒళ్ళు రాత్రన్నా చల్లబడాలె. ఇల్లే కొలిమి అయితే ఎక్కడ చల్లబడుతుంది?

కప్పుకు తెల్ల సున్నం కొడితే ఎండ వెనక్కు పోతుంది. దీనికి పెద్ద సైన్సు అక్కర్లేదు, నల్ల గొంగడి, తెల్ల పంచె కప్పుకొని ఎండలో నిలబడ్డోడికి తెలుసు. 2017లో హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ళ కప్పుల మీద తెల్ల పొర పరిచి చూశారు. ఇంటి లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలంటే చిన్నమాట కాదు. కూలరు పది గంటలకు బదులు ఎనిమిది గంటలు తిరిగితే చాలు, నెలకు పది యూనిట్లు మిగులుతాయి. చిన్నమ్మకు ఆ పది యూనిట్లు మిగిలినా మే బిల్లు సున్నానే వచ్చేది.

ఖర్చు కొన్ని వందల రూపాయలే. మాఘం పోయేలోపే స్లాబు శుభ్రంగా ఊడ్చి కడిగి, సున్నంలో బంక కలిపి రెండు పూతలు వేయాలె. వానలకు పోతుంది, మళ్ళీ ఏడాది మళ్ళీ వేయాలె. సున్నం కొట్టడం మనకెవరూ నేర్పనక్కర్లేదు. దొరల గడీలకు, ఊరి గుళ్ళ గోడలకు సున్నాలు కొట్టిన చేతులే. సిమెంటు రేకులున్నవాళ్ళు మటుకు జాగ్రత్త. రేకు మీద కాలు పెట్టి నడవొద్దు, పగిలి లోపల పడతారు. పొడిగా ఉన్నప్పుడు గీకొద్దు, ఆ రేకుల దుమ్ము ఊపిరితిత్తులకు విషం. తడిపి, నిచ్చెన మీదనుంచి పొడుగాటి బ్రష్షుతో వేయండి.

మన ఖర్చు మనం పెట్టుకోవడమే కాదు, అడగాల్సిందీ ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం అని ఒకటి తెచ్చింది. 2028 దాకా అమలు. 600 గజాలు, ఆ పైన జాగాలో కట్టే ఇళ్ళకు తప్పనిసరి అన్నారు. అంతకన్నా చిన్నవాటికి ఇష్టముంటే వేసుకోండి అన్నారు. వాడలో 600 గజాల ఇల్లు ఎవరికుంది? కాని అదే విధానంలో ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్ళకు కూడా చల్లని కప్పు తప్పనిసరి అని ఉంది. అప్పుడు డబుల్ బెడ్రూం ఇళ్ళను మనసులో పెట్టుకొని రాశారు. ఇప్పుడు ఇందిరమ్మ ఇల్లు నడుస్తున్నది. అయిదు లక్షలు విడతలుగా ఇస్తారు, కట్టుకునేది మనం. మరి అది ప్రభుత్వం కట్టించిన ఇల్లా, మనం కట్టుకున్న ఇల్లా? పునాదికాడ, స్లాబుకాడ ఫోటో తీసుకునేటప్పుడు ప్రభుత్వ ఇల్లు అంటారు. కప్పు మీద తెల్ల పూత అడిగితే మీ ఇల్లు మీరు వేసుకోండి అంటారేమో! అడిగితేనే గదా తెలిసేది. అయిదు లక్షల్లో కోత పెట్టకుండా, పూత పైసలు విడిగా ఇవ్వాలని నా వాదన.

సోలార్ గురించి కూడా జనం అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద కిలోవాటుకు 30,000 చొప్పున రెండు కిలోవాట్ల దాకా సబ్సిడీ ఉంది, మూడు కిలోవాట్లకు 78,000. మిగతాది మన చేతిది, లేకపోతే బ్యాంకు అప్పు. జీరో బిల్లు వచ్చే ఇంటికి అప్పు చేసి సోలార్ పెడితే వచ్చేది తక్కువ, మోసేది ఎక్కువ. ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. రేకుల ఇళ్ళవాళ్ళ సంగతేమిటో, కప్పు లేనోడికి పలక ఎక్కడ పెడతారో అక్కడి సంఘాలు ఇప్పుడే అడగాలె.

కార్యకర్తలకు నేను అడిగే పని ఇది. వచ్చే మీటింగుకు ఒక్కో ఇంటి నుంచి పోయిన ఏడాది బిల్లు కాగితాలన్నీ తెప్పించండి, ముఖ్యంగా మార్చి నుంచి జూన్ దాకావి. ఒక నోటుబుక్కులో ఇంటికో వరుస గీయండి. ఎన్ని కాపురాలు, ఎన్ని మీటర్లు, ఏ నెలలో ఎన్ని యూనిట్లు, పాత బుగ్గలు ఎన్ని, కప్పు రేకా స్లాబా, ఇందిరమ్మ ఇల్లు మంజూరైందా లేదా. రెండొందల గీతకు అటూ ఇటూ పది యూనిట్లలో ఉన్న ఇళ్ళకు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ ఇళ్ళలో బుగ్గలు ముందు మార్చాలె. ఒక మీటరు మీద రెండు మూడు కాపురాలున్న ఇళ్ళ జాబితా కరెంటు ఆఫీసుకు, కప్పుల జాబితా గ్రామసభకు. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకొని మన దగ్గర ఉంచుకోండి. ఇదంతా మాఘం లోపు కావాలె. ఆ తర్వాత స్లాబు మీద కాలు పెట్టలేం.